గోడ మీద నా ముఖం, కింద అతని పేరు

క్లబ్బుకి మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈసారి నా ఈడు పాఠకులైన మీ ముందు ఈ గోడు పెడుతున్నాను. ఈపాటికి సరిచేసి ఉంటారనుకుని, పోయిన ఆదివారం మా తోడల్లుడి కూతుర్ని ఇక్కడ ఐర్లండ్‌లో, నేవన్ ఊళ్లోని మా పాత క్రికెట్ క్లబ్బుకి తీసుకెళ్లాను. కోవిడ్‌తో వాళ్ల నాన్న పోయేనాటికి దానికి ఆరేళ్లు. గోడ మీది ఫోటో చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దట్స్ నాట్ డాడ్. దట్స్ యూ, పెద్దనాన్నా."

నేనే. కింద మా తోడల్లుడి పేరు, అతను చనిపోయిన ఏడాది.

నాకు క్రికెట్ ఒక్కటే వచ్చు. నాకంటే పదేళ్లు చిన్నవాడైన అతను మాతో క్రికెట్ ఆడి, అదే మైదానంలో ఆస్ట్రేలియా కుర్రాళ్లతో కోలగా ఉండే బంతి పట్టుకుని వాళ్ల ఫుట్‌బాలూ ఆడేవాడు. ఆ ఫుట్‌బాల్ మొదటి మ్యాచ్‌లో ఇద్దరి భుజాల మీదుగా ఎగిరి బంతి అందుకుని, క్యాచ్ పట్టిన సంబరంలో క్రికెట్ అలవాటుకొద్దీ దాన్ని ఆకాశంలోకి విసిరేశాడు. ఆ ఆటలో బంతిని విసరకూడదట, తన్నాలి లేదా పిడికిలితో కొట్టాలి. దాంతో బంతి అవతలి జట్టుకి పోయింది.

"ఔటనుకున్నా అన్నయ్యా," అన్నాడు మట్టి దులుపుకుంటూ.

"ఔటేరా, మనమే."

ఆ క్షణాన్ని నేనే ఫోటో తీశాను: ఖాళీ చేతులు, పైకెత్తిన ముఖం, నవ్వు.

అతని అంత్యక్రియలకి పదిమందినే రానిచ్చారు, ఆ పదిమందిలో నాకు చోటు దక్కలేదు. మూసిన పెట్టెను ఫోన్‌లో చూశాను. ఆ పిల్లకీ చివరిచూపు లేదు. అందుకే, గోడ మీదైనా తండ్రి కనబడతాడని నేను తీసిన ఆ ఫోటో క్లబ్బుకి పంపాను. వాళ్లేమో తమ దగ్గరున్న నా ఫోటోకి చట్రం కట్టారు. కార్యదర్శికి ఫోన్ చేస్తే, "ఆ, ఇట్స్ గ్రాండ్, లవ్లీ ఫోటో," అన్నాడు. ఆపైన ఫోనే ఎత్తలేదు. అప్పటినుంచి గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో నా ముఖం కింద అతని పేరు కనబడుతోంది.

ఒకప్పుడు రెండు కార్లలో పదకొండుమందిమి ఇరుక్కుని, ఒకరి పులిహోర ఒకరు లాక్కుని తింటూ ఆ మైదానానికి వెళ్లేవాళ్లం. ఇప్పుడక్కడ మనవాళ్లు బోలెడంతమంది. మా ఇద్దరిలో ఎవరు ఎవరో తెలిసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. కొత్త కుర్రాళ్లు ఫోటోని చూసి, నన్ను చూసి, మెల్లగా తప్పుకుంటారు.

కార్యదర్శిగారూ, ఇది మీ దాకా వస్తే వినండి: వచ్చే ఆదివారం ఆ పిల్ల మళ్లీ వస్తానంది. వాళ్ల నాన్నని ఎక్కడ చూపించమంటారు? ఈసారైనా జవాబు చెప్పండి.