శామ్యూల్ బావ తెప్పించిన సాల్వెంట్

నిన్న పొద్దున ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరుతుంటే అక్క ఫోన్.

"తమ్మీ, మీ బావ పోయిండు రా."

హెల్మెట్ చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను. మొన్న సాయంత్రం దవాఖానలో నాతో మాట్లాడిన మనిషి. ఇంకోసారి రక్తం ఎక్కిస్తే లేచి కూర్చుంటాడనుకున్నాం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. మా శామ్యూల్ బావ గోదావరిఖనిలో బెల్ట్ జాయింట్ల కాంట్రాక్టర్. బొగ్గు మోసే కన్వేయర్ బెల్ట్ తెగితే తన గ్యాంగ్‌తో పోయి అతికించేవాడు. అతికించే ముందు రబ్బరును సాల్వెంట్‌తో తుడవాలి. పెట్రోల్ జాతి సరుకు అది. పీల్చుకుంటూనే పని.

మా ఊరి డీలర్ అమ్మేది ఉత్త కల్తీ. మూత తీస్తే తల తిరిగేది. గ్యాంగ్ పిల్లలు వాంతులు చేసుకునేవారు. రక్తాన్ని చెడగొట్టే బెంజీన్ బాగా తగ్గించిన మంచి రకం ఫారిన్‌లో దొరుకుతుందని బావకు ఎవరో ఇంజనీర్ చెప్పాడు. అంతే, తానే తెప్పిస్తానని పట్టుబట్టాడు.

ఇక చూడండి తమాషా.

ఇంపోర్ట్ కోడ్ కావాలి. నిల్వ పెట్టడానికి లైసెన్సు కావాలి. దానికి షెడ్డు ప్లాను, ప్లానుకు ఎన్‌ఓసీ, ఎన్‌ఓసీకి ఫైర్ వాళ్ళూ పోలీసులూ రిపోర్టు ఇవ్వాలి. సాల్వెంట్ వాడుకోవడానికి మళ్ళీ వేరే లైసెన్సు. ఎందుకంటే దొంగలు దాన్ని పెట్రోల్‌లో కలుపుతారట!

అసలే ఉద్యమం రోజులు, ఆఫీసులు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. అయినా బావ అన్నీ తెచ్చాడు.

పోర్టులో డ్రమ్ములు దిగాయి. కస్టమ్స్ వాళ్ళు శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు వచ్చాక అది చాలదన్నారు. మళ్ళీ శాంపిల్. క్లియరింగ్ ఏజెంట్ పక్కకు పిలిచి, పేరు మార్చి క్లీనింగ్ లిక్విడ్ అని రాసివ్వండి, రేపే బయటపడేస్తా అన్నాడు. చర్చి పెద్ద మా బావ, రాస్తాడా? నాకు మాత్రం ఒళ్ళు మండింది, రాసి పడేయొచ్చు కదా అని.

ఒక ఆఫీసర్ నవ్వుతూ అడిగాడు, బొగ్గు ఊళ్ళో ఇంత సాల్వెంట్ ఎందుకు, బంకులో కలపడానికేనా అని.

బావ నెమ్మదిగా అన్నాడు. "పెట్రోల్ల కలిపేటోడు గిట్ల మీ గేటు కాడ నిలవడతడా సార్? వానికి సరుకు ఇంటికే వస్తది."

ఆయన నవ్వు ఆగింది. ఫైలు మాత్రం కదల్లేదు.

పోర్టు అద్దె పెరిగి పెరిగి సరుకు విలువనే మింగేసింది. బావ చేతులెత్తేశాడు. డ్రమ్ములు వేలంలో పోయాయి.

కొన్నదెవరో తెలుసా? మా ఊరి డీలరే. వాడికి లైసెన్సులన్నీ పక్కాగా ఉన్నాయి మరి. అందులో ఒక్క చుక్క మా గ్యాంగ్‌కు రాలేదు. ఏ బంకులో కలిసిందో దేవుడికే తెలియాలి.

ఛీ.

బెల్ట్ ఆగితే కంపెనీ ఊరుకోదు. బావ మళ్ళీ వాడి కల్తీ డ్రమ్మే కొన్నాడు. కానీ అప్పట్నుంచి పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, తుడిచే పని తానొక్కడే చేశాడు. ఏళ్ళ తరబడి. రక్తం చెడిందని తేలినప్పుడు డాక్టర్ అడిగిన మొదటి మాట, పనిలో ఏం పీలుస్తావని.

నిన్న సమాధుల తోటకు ఆ డీలర్ పెద్ద దండతో వచ్చాడు. "నన్నడిగితే పోర్టులో నేనే మాట్లాడేవాణ్ణి కదా, పాపం మంచోడు" అన్నాడు. గుంత ఇంకా పూడ్చనేలేదు. గ్యాంగ్‌లో పెద్దాయన రాజమల్లు కాకను పక్కకు లాగి, రేపు డ్రమ్ము పంపాలా అని అడిగాడు. ఇంత సిగ్గులేని బతుకులా?

ఇవాళ పొద్దున బెల్ట్ తెగింది. డ్రమ్ము దిగింది. రాజమల్లు కాకకు ఫోన్ చేసి, ఎవరు తుడుస్తున్నారని అడిగాను.

"నేనే బిడ్డా. పిల్లలను దూరం కూసోబెట్టిన."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

సెలవు బావా. ప్రభువు దగ్గరైనా మంచి గాలి పీల్చుకో. నీకు నెమ్మది కలగాలి.