బొగ్గేటిలో ఒంటి తెడ్డు

యేసురత్నం అన్న ఇక లేడన్న వార్త ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతుండగా ఫోనులో విన్నాను. వినగానే మూర్ఛపోయానని రాయబోయాను. లేదు. గ్లాసులో టీ చల్లారిపోయేదాకా నిశ్చేష్టుడనై నిలబడి, తర్వాత దాన్నే తాగేశాను. ఎన్నో ఉధృత ప్రవాహాలను తెడ్డుతో శాసించినవాడు నిద్రలో, నులకమంచం మీద, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడట. నమ్మశక్యం కాలేదు. చప్పుడు చేయకుండా ఆయన ఏ పనీ చేసి ఎరుగడు.

సైన్యంలో ఉన్నప్పుడు ఉత్తరాది కొండనదుల్లో, తెల్లగా నురగలు కక్కే నీళ్ళలో, ఒక్క మనిషి ఒక్క తెడ్డుతో కనో పడవ నడిపే విద్యను ఆయన సాధించాడు. పదవీ విరమణ చేసి, ఒక పాత కనోను లారీ మీద వేసుకుని ఉదయగిరికి వచ్చాడు. ఊరంతా నవ్వింది. "తాగేదానికే నీళ్ళు లేవు, పడవేం చేసుకుంటావు రత్నమా?" అని దుత్తలూరు వాళ్ళు కూడా అడిగినారు. "నీళ్ళు లేనప్పుడే గదరా నేర్చుకోవాల్సింది" అన్నాడు.

అదే ఆయన బోధనాపద్ధతి. నడివేసవిలో, ఎండిన బొగ్గేరు ఏటి ఇసుకలో పడవ పెట్టి, అందులో నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టి, గాలిలో తెడ్డు వేయించేవాడు. "చర్చీలో మోకరించినట్టు కూర్చోరా. నువ్వు హిందువైతే ఏంది, మోకాళ్ళు లేవా?" అనేవాడు. ఆపైన ఏటిలోని ప్రతి రాతి దగ్గరకూ నడిపించి చేత్తో తడమమనేవాడు. "ఇప్పుడే దీని మొహం చూసుకో. ఏరొచ్చినాక ఇది మొహం చూపించదు."

ఆ రాళ్ళకు ఆయన తన ఇంట పోయినవాళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. "ఇది మా నాయన. ఇది అవ్వ. తెడ్డు తగలనీయకుండా పక్కనుంచి పో." ఏటి నడుమనున్న నల్లటి పెద్ద బండ దానియేలు. దానియేలు ఆయన తమ్ముడు. ఒక తుపానులో ఏరు దాటబోయి ఆ బండ దగ్గరే కొట్టుకుపోయాడు. గట్టున నిలబడి చూడటం తప్ప అన్న ఏమీ చేయలేకపోయాడు. ఆయన విద్యకు మూలం ఆ నిస్సహాయత.

"నీళ్ళు నిన్ను వాడి మీదికే తోస్తాయి" అని ఆ బండను నిమురుతూ చెప్పేవాడు. "బెదిరి అవతలికి వాలినావా, పడవలోకి నీళ్ళొస్తాయి. వాడివైపే వంగు. వాణ్ణి కావలించుకో. వాడే వదిలిపెడతాడు."

బడిపంతులునైన నేను ఆయన ప్రథమ శిష్యుణ్ణి. బొగ్గేటిని ఎన్నోసార్లు ఒంటరిగా జయించానని మర్రిపాడు దాకా చెప్పుకున్నాను. నిజానికి ఆయన కేకలు లేకుండా ఒక్కసారీ దిగలేదు. గట్టు వెంట పరుగెడుతూ, "వంగరా పంతులూ! అన్నం ముద్దకి తప్ప దేనికీ వంగవు గదరా!" అని తిట్టేవాడు. గట్టెక్కాక మాత్రం పెదవి విరిచేవాడు. "తెడ్డేసింది నా కేకలు, నువ్వు కాదు. నేను లేకుండా ఒక్కసారి దిగు. అప్పుడు నీకు వచ్చినట్టు."

ఆ ఒక్కసారి రాకముందే ఆయన పోయాడు. భూస్థాపన జరిగిన కొద్ది రోజులకే వాయుగుండం పట్టి, బొగ్గేరు వచ్చింది. పడవ కోసం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య మరియమ్మ వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయన ఎనకాలే పోతావా ఏంది?"

"పోయేదానికి కాదు వదినా, నేర్చుకునేదానికి."

"ఈ వయసులోనా?"

"ఆయన ఉండంగా నేర్చుకోలేదు గదా."

ఏమనుకుందో, లైఫ్‌జాకెట్ తెచ్చి నా నడుముకు తానే బిగించింది. గట్టుదాకా వచ్చింది.

బాణంలా దూసుకుపోయానని రాయాలని ఉంది. మొదటి రాయి దాకా తెడ్డు వేయడమే మరిచాను. నీళ్ళ కింద ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలుసు. నాయన దాటాడు, అవ్వ దాటింది. ఎర్రటి నీళ్ళు ఒక్కొక్కరి మీదా మూపులా లేచి పడుతున్నాయి. దానియేలు దగ్గర పడవ అడ్డం తిరిగింది. బండ మీదికి వస్తోంది. భయంతో ఒళ్ళు అవతలికి వాలింది, నీళ్ళు లోపలికి తొంగిచూశాయి. ఆ హోరులో నాకేమీ వినబడలేదు. కానీ వంగాను. ఆ చల్లటి బండను చెంపతో, రొమ్ముతో కావలించుకున్నాను. పడవ దాన్ని రాసుకుంటూ జారి, వెనకనున్న నిలకడ నీళ్ళలోకి వెళ్ళి ఆగింది.

గట్టున వదిన చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఎందుకట్టా అరిచినావు? 'వంగరా పంతులూ' అని. అచ్చం ఆయన గొంతే. నా పానం పోయినంత పనైంది."

"నేనే వదినా. భయానికి అరిచినా" అన్నాను.

అన్నవంటి గురువు ఈ మెట్ట సీమకు మళ్ళీ దొరకడు. ఆ శూన్యాన్ని ఏ శిష్యుడూ పూరించలేడు. ఆయన పాదాలకు ఈ కొన్ని మాటలే నా అశ్రుతర్పణం. జీవితమంతా గోరంతను కొండంత చేసి చెప్పినవాణ్ణి, కొండంతను గోరంత చేసి చెప్పింది ఆ రోజొక్కటే.

వదినా, ఆ నీళ్ళలో నా పళ్ళు కరుచుకుపోయి ఉన్నాయి. నేను నోరు తెరవలేదు.