మా మగ్గం పంతులమ్మ గారు

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ మోగింది. చీరాల నుంచి అనసూయమ్మ గారు. ఎప్పుడు చేసినా ముందు పిల్లల సంగతి అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు. "కరుణా, పంతులమ్మ గారు పోయారే. పొద్దున కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నారు.

ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. పంతొమ్మిది వందల ఎనభైల్లో, మా ఊళ్ళో కొన్నాళ్ళే నడిచిన చేతిపనుల బడిలో జంపఖానాలు నేయడం నేర్పిన మనిషి. మేమంతా పంతులమ్మ గారనే పిలిచేవాళ్ళం.

మాది వినుకొండ వైపు నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప వేరే పంట పెద్దగా ఎరగం. కూలి దొరకని రోజుల్లో ఆడవాళ్ళకు ఏదో ఒక పని చేతిలో ఉండాలని మా చర్చి పాస్టరు గారూ, హైస్కూలు మాస్టారొకరూ కలిసి ఖాళీగా పడి ఉన్న పత్తి గోడౌన్ అడిగి తీసుకున్నారు. ఒక మూల మేదర తాత బుట్టలు అల్లించేవాడు. ఇంకో మూల పెద్ద మగ్గం దింపారు. దానికోసం చీరాల నుంచి పంతులమ్మ గారిని పిలిపించారు. ఆవిడకు నలభై దాటి ఉంటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. రేకు పెట్టె ఒకటి పట్టుకుని బస్సు దిగి, నేరుగా గోడౌన్‌కి వచ్చి, ఎవరినీ పలకరించకుండా ముందు మగ్గం చుట్టూ తిరిగి చూసుకున్నారు.

మిరప కోతల రోజుల్లో మేం పొలం నుంచి అటే వచ్చేవాళ్ళం. గుమ్మం దగ్గరే ఆపి "చేతులేవీ" అనేవారు. ముంతలో మజ్జిగ పెట్టుకుని, దాంతో రుద్ది కడుక్కున్నాకే లోపలికి రానిచ్చేవారు. ఆ ఘాటు నూలుకు అంటితే, నేసిన గుడ్డ మీద పడుకున్నవాళ్ళ కళ్ళు మండుతాయని ఆవిడ భయం. నిజంగా మండుతాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ మంటలు పుట్టే మా అరచేతులు ఆ పూట చల్లబడేవి.

తప్పు నేస్తే తిట్టేవారు కాదు. "ఎంత దూరమన్నా విప్పండి, పర్లేదు. కత్తెర మాత్రం పెట్టబాకండి" అనేవారు. సగం నేసిన గుడ్డను మగ్గం మీద నుంచి కోయడమంటే ఆవిడకు కిట్టదు.

మేం నేర్చుకునేవాళ్ళమంతా క్రైస్తవ పేట కూలివాళ్ళం. అనసూయమ్మ గారొక్కరే రైతు ఇంటి కోడలు. కొత్తగా కాపురానికి వచ్చారు. మొదటి రోజు గుమ్మంలోనే నిలబడి, "నేను విడిగా కూర్చుని నేర్చుకుంటానండీ" అన్నారు.

"విడిగా ఎట్టా కుదురుద్దమ్మా?" అన్నారు పంతులమ్మ గారు. "ఇది మనిషి పొడుగు మగ్గం. ఈ చివర నుంచి దారం ఒకళ్ళు అందిస్తే, ఆ చివర ఒకళ్ళు అందుకోవాలి. ఇంటికెళ్ళి ఆలోచించుకో. రేపు వస్తే ఆ కరుణ పక్కన చోటుంది."

మర్నాడు వచ్చారు. చెక్క మీద నా పక్కనే కూర్చున్నారు, ఒళ్ళు బిగబట్టుకుని. నేనూ చెక్క చివరకు ఒదిగాను. వాళ్ళ చేలో కూలికి వెళ్ళేదాన్ని నేను. పంతులమ్మ గారు మా వెనక నిలబడి, "మొహం చూడబాకండి. పక్క మనిషి చెయ్యి చూడండి, చాలు" అన్నారు. అలా చేతులు చూసుకుంటూనే వారాలు గడిచాయి. ఒక రోజు అనసూయమ్మ గారు నా జడలో ఇరుక్కున్న దూది పీచు తీశారు. తీశాక తన వేళ్ళ వంక తనే కాసేపు చూసుకున్నారు. పంతులమ్మ గారు చూసి కూడా చూడనట్టు అటు తిరిగిపోయారు.

ఆ ఏడాదే పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆకు మీద నుంచి లేవలేదు. చేలన్నీ మసి పూసినట్టు నల్లబడిపోయాయి. అనసూయమ్మ గారి భర్త నెమ్మదైన మనిషి, కూలివాళ్ళను గట్టిగా ఒక మాట అనడం నేను వినలేదు. ఒక మధ్యాహ్నం ఆయన చేలోనే పురుగుమందు తాగారు. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళిన ట్రాక్టరు మీదే సాయంత్రానికి శవాన్ని తెచ్చారు.

పేట వాళ్ళమంతా గేటు బయట నిలబడ్డాం. వాకిట్లో శవాన్ని దించడానికి కింద ఏం పరవాలా అని లోపల చాపల కోసం వెతుకుతున్నారు. అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని ఉన్న అనసూయమ్మ గారు తలెత్తి, "మగ్గం మీదున్నది తెప్పించండి" అన్నారు.

వాళ్ళ మావగారు విసుక్కున్నారు. "అది ఎవరెవరి చేతులు పడిందో. ఇంట్లో చాపలు లేవా?"

"నా చేతులు కూడా పడ్డాయి మావయ్య గారూ. చేలో కాపలా పడుకుంటారు గదా, ఆయన కిందకని నేస్తున్నా."

నేను గోడౌన్‌కి పరిగెత్తాను. పంతులమ్మ గారు విన్నారు. పెట్టెలో నుంచి కత్తెర తీసి, "నేను కోస్తుంటా, దారాలు ఊడిపోకుండా నువ్వు ముళ్ళు వెయ్యి" అన్నారు. ఒక్కొక్క గుప్పెడు దారాలూ కోస్తుంటే బిగిసి ఉన్న పడుగు తెగిన చోటల్లా వదులైపోయింది. ఆవిడ పెదవులు కొరుక్కుంటూ చివరిదాకా కోశారు.

మోసుకెళ్ళి పరిచాం. పొడుగు సరిపోయింది. నేసింది కొంచెమే కావడంతో వెడల్పు చాలలేదు. ఆయన కుడిచెయ్యి మట్టి మీద ఉండిపోయింది. అనసూయమ్మ గారు వచ్చి ఆ చెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టారు. అప్పుడుగానీ ఆవిడకు ఏడుపు రాలేదు.

దినాలయ్యాక అత్తవారు ఆవిడను కనిగిరి అవతల పుట్టింటికి పంపేశారు. మళ్ళీ ఆ మగ్గానికి పడుగు ఎక్కలేదు. పేటలో సగం మంది పనులు వెతుక్కుంటూ పొన్నూరు వైపు వరి కోతలకు పోయారు. గోడౌన్‌ను మిరపకాయల బస్తాలకని వెనక్కి తీసుకున్నారు. పంతులమ్మ గారు వచ్చినప్పటి పెట్టెతోనే బస్సెక్కారు. చీరాల వెళ్ళిపోయారనే అనుకున్నాం.

వెళ్ళింది కనిగిరికి. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత అనసూయమ్మ గారే చెప్పారు. పుట్టింట్లో ఆవిడ వెనక గదిలో నుంచి బయటికి వచ్చేవారు కాదట. వాకిట్లో నిలబడ్డ పంతులమ్మ గారిని అన్నగారు ఎవరని అడిగితే, "మీ చెల్లెలికి పని నేర్పేదాన్నండీ. సగంలో ఆగిపోయింది" అన్నారట.

"ఇంకా దానికి పనెందుకండీ" అని ఆయన పంపేశారు. పంతులమ్మ గారు ఆ ఊళ్ళోనే ఎవరి వసారాలోనో తలదాచుకుని మళ్ళీ వెళ్ళారు. పొమ్మన్న కొద్దీ వెళ్ళారు. చివరికి ఒక రోజు తలుపు తీసుకుని అనసూయమ్మ గారు బయటికొస్తే, ఓదార్పు మాటేదీ చెప్పలేదట. "ఏడవడానికి ఎక్కడైనా ఏడవచ్చమ్మా. మా ఇంట్లో నూలు చుట్టే మనిషి లేదు. అక్కడికొచ్చి ఏడువు" అన్నారట. అన్నగారు ఆపలేదు. అప్పటినుంచి మొన్న పొద్దున కాఫీ పెట్టేదాకా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

నేను అంగన్‌వాడీలో ఆయాగా చేరాను. మగ్గం మళ్ళీ ముట్టలేదు. వీలైనప్పుడు చీరాల వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఒకసారి పంతులమ్మ గారిని అడిగాను, "ఆ రోజు కత్తెర ఎట్టా పెట్టగలిగారండీ" అని. నూలు చిక్కు తీసుకుంటూ చెప్పారు.

"మా ఆయన పోయినప్పుడు మగ్గం మీద పెళ్ళి చీర ఉంది. ముహూర్తం ముంచుకొస్తోందని తొందర పెట్టారు. దినాలు కాకముందే మగ్గం గుంటలో దిగి నేశా. ఎవరైనా వచ్చి దాన్ని కోసి అవతల పారేస్తే బాగుండునే అనిపించింది. ఎవరూ రాలా."

మొన్న నేను చీరాల చేరేసరికి పంతులమ్మ గారిని మట్టి చేసేశారు. అనసూయమ్మ గారు తలస్నానం చేసి గడప పక్కన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కొంచెం జరిగారు. పక్కన కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు. నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున లేచేసరికి ఎదురింటి వాళ్ళు వీధి పొడుగునా పడుగు సాచి, గంజి పెడుతున్నారు. మా గుమ్మం ముందు నుంచే పోతున్నాయి ఆ తెల్లటి దారాలు, తడిగా, ఎండకు మెరుస్తూ. పలకరించడానికి వస్తున్నవాళ్ళు మాటలు ఆపి, ఒక్కొక్కరే నడుం వంచి, దారం తగలకుండా కొంగులు దగ్గరికి లాక్కుని, వాటి కింది నుంచి మా వైపుకి వస్తున్నారు.