రాబ్డోస్ మాస్టారి కుడి చెయ్యి

2023. సింగపూర్‌లో, హౌగాంగ్‌లోని ఒక రిహాబ్ సెంటర్‌లో ఫిజియోథెరపిస్టుగా నాకది తొమ్మిదో ఏడు. ఎడమ తుంటికి ఆపరేషన్ అయిన ఏలూరు పెద్దాయన ఒకరు వచ్చారు. ప్రాచీన గ్రీకు బోధించి రిటైరయ్యారు. అయినా ప్రతి శనివారం ట్రైన్‌లో క్లెమెంటి వెళ్లి, నలుగురు స్టూడెంట్లకు ఆ భాష చెప్పేవారు. "కర్రతో నడిచే టెస్ట్ పాసైతేనే ఒంటరిగా పంపిస్తా" అని కూతురు తెగేసి చెప్పింది.

మాకో రూల్ ఉంది, ఆపోజిట్ హ్యాండ్. నొప్పి ఎడమ కాలికైతే కర్ర కుడి చేతిలో ఉండాలి, అప్పుడే తుంటి మీద బరువు తగ్గుతుంది. ఆయన కుడి చేత్తోనే మొదలుపెడతారు. లిఫ్ట్ బటన్ నొక్కాల్సి రాగానే కర్ర ఎడమ చేతికి మారుతుంది, ఇక అక్కడే ఉండిపోతుంది.

"అంకుల్, కుడి!"

"దీన్ని గ్రీకులో రాబ్డోస్ అంటారమ్మా. మంత్రగత్తె చేతి బెత్తం, జాలరి గాలపు కర్ర, రాజదండం, ఆటల్లో తగువు తీర్చేవాడి కర్ర, అన్నీ రాబ్డోసే. మీ వైద్యంలో చారల కండరాలకు పెట్టుకున్న రాబ్డోమయో అనే పేరు కూడా అందులోంచే వచ్చింది."

"కుడి, అంకుల్!"

మూడు వారాలు ఇదే వరస. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. ఒళ్లు మండిపోయేది. టెస్టులో ఫెయిలయ్యారు. ఇంకొక్క అవకాశం ఉంది, కమ్యూనిటీ వాక్. అంటే బయట నడిపించి చూడటం. విసుక్కుంటూనే ముందురోజు ప్రాక్టీసుకని ఎమ్మార్టీ రైలు స్టేషన్‌కు తీసుకెళ్లాను.

గేటు దగ్గర కార్డు తాకించే చోటు కుడివైపు ఉంటుంది. ఆయన కర్రను ఎడమ చేతికి మార్చి, కుడి చేత్తో కార్డు తీశారు.

"కర్ర మార్చకుండా ఎడమ చేత్తోనే తాకించొచ్చుగా!"

"ఎడం చేత్తో ఎవరికన్నా ఇస్తామా అమ్మా?"

"అది మెషీన్ అంకుల్!"

"మెషీనైనా మనిషైనా ఇచ్చేది కుడి చేత్తోనే."

అప్పుడు సిగ్గేసింది. లిఫ్ట్ బటన్, గేటు, తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో టీ గ్లాసు, అన్నిటికీ ఆ చెయ్యే కావాలి. నేను ఆ చేతినే కర్రకు కట్టిపడేశాను, అదీ ఒక్క మాట అడక్కుండా.

మర్నాడు అసలు వాక్‌కు ముందు కర్ర పిడికి ఒక తాడు ఉచ్చు కట్టి ఆయన కుడి మణికట్టుకు తగిలించాను. స్టేషన్‌లో కార్డు తాకించేటప్పుడు కర్ర అక్కడే వేలాడింది, గేటు దాటగానే మళ్లీ కుడి అరచేతిలోకే వచ్చింది. ఆయన పాసయ్యారు.

"రాబ్డోస్ మీద ఇంత చరిత్ర చదివానమ్మా," అన్నారు ఉచ్చును చూసుకుంటూ, "ఎవడూ తాడు సంగతి రాయలేదు."

శనివారం ఒంటరిగానే క్లెమెంటి వెళ్లారు. ఇప్పుడు ఎవరికి కర్ర ఇచ్చినా రూల్ తర్వాత చెప్తాను. ముందు "ఈ చేత్తో రోజూ ఏమేం చేస్తారు?" అని అడుగుతాను.