దేవుడు ‘సాకు’ అన్నాడు

మా వదిన పోయిందని కుప్పం నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పాడు. మదనపల్లెలో కాఫీ తాగుతున్నవాణ్ణి, ఏ వదిన అని అడిగాను. నాకున్నది ఒక్క వదినే. అయినా అడిగాను.

మీలో కొందరు ఆమెను తెరమీద చూసే ఉంటారు. యుద్ధం రోజుల్లో మా అన్న తీసిన ప్రళయం బొమ్మలో చివరికి మిగిలే ఆడమనిషి ఆమే. అన్న దగ్గర డబ్బు లేదు, పిచ్చి మాత్రం దండిగా ఉండేది. ఆ కథలో లోకం అంతమవుతుంది గానీ, చావుకు కూడా రేషనే! జనం కార్డులు పట్టుకుని వరుసలో నిలబడతారు. ఆకాశం చిరిగితే దర్జీ నిచ్చెనెక్కి కుడతాడు. నీలిమందులో ముంచిన దుప్పట్లే సముద్రం. వదిన అందరికీ సంగటి కెలికి పెట్టి, చెయ్యి కడుక్కుని కెమెరా ముందుకు వచ్చేది. కొంగున మరకలేమిటని అన్న అరిస్తే, “లోకమంతా మునిగిపోతాంటే మరకెవురు సూస్తారు?” అనేది.

ఆ బొమ్మలో దేవుడు నేనే. పుంగనూరు బండల మీద నిలబడి, విసిగిపోయి ‘చాలు’ అనాలి. దాంతో అంతా అయిపోవాలి. అమ్మమ్మగారింట కన్నడంలో పెరిగిన నాలుక నాది. కంగారులో ‘సాకు’ అని అరిచాను. కన్నడంలో అది చాలు అనే మాటే. మన తెలుగులో పెంచమని. వరుసలో నిలబడిన ఒకామె బిడ్డను ఎత్తుకుని ఉన్న వదిన తలెత్తి, “అట్లే సామీ, సాకుతాలే!” అంది. మళ్లీ తీయడానికి ఫిలిం ఎక్కడేడ్చింది! వరుసంతా విరగబడి నవ్వింది, ఆ బిడ్డ తల్లి అందరికంటే ఎక్కువ. కథలో లోకం అంతం కాకుండా మిగిలిపోయింది.

ఆ వానల్లో కలరా వచ్చింది. నవ్వినవాళ్లలో చాలామంది పోయారు, ఆ తల్లీ పోయింది. తండ్రి పటాలానికి పోయి తిరిగి రాలేదు. బిడ్డను అనాథశాలలో చేర్చుదామన్నాడు అన్న.

“దేవుడే గదా సాకమనింది,” అంది వదిన.

“వాడు దేవుడు గాదే, మా తమ్ముడు!”

“నాకైతే ఆ పొద్దు దేవుడే.”

బిడ్డ వదిన దగ్గరే ఉండిపోయింది.

కుప్పంలో సినిమా టెంటు వేసినప్పుడల్లా ఆ బొమ్మ ఆడేది. ఆ మాట దగ్గర కన్నడం వచ్చినవాళ్లు ముందు నవ్వేవాళ్లు, వాళ్లు వివరించాక పక్కవాళ్లు నవ్వేవాళ్లు. వదిన నవ్వేది కాదు. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, “అదో, నిన్ను కన్న తల్లి. ఎట్ల నగతాండాదో సూడు,” అని చూపించేది. బిడ్డ తెరమీద నవ్వే ఆ మనిషికి ‘నగే అమ్మ’ అని పేరు పెట్టింది. నేను ఆ టెంటులోకి పోవాలంటే భయపడేవాణ్ణి. కలరాకు పోయినవాళ్లంతా తెరమీద నిలబడి, నేనేమంటానా అని నావైపే చూసేవాళ్లు. అట్లాంటి చోటికి వదిన బిడ్డ చెయ్యి పట్టుకుని నిబ్బరంగా పోయేది. పెంచుకున్న బిడ్డకు కన్నతల్లిని దాచిపెట్టని మనసు ఆమెది. ఆమెకు నేను దండం పెట్టుకుంటాను.

కుప్పం చేరి, మట్టి చేసి వచ్చాక బిడ్డ నా దగ్గరికి వచ్చింది. తల తనే దువ్వుకుంది, పాపిడి వంకరగా ఉంది.

“చిన్నాయనా, టెంటుకు పోదాం పా.”

“ఈ పొద్దు యాలమ్మా?”

“అమ్మ గూడా ఆడికే పొయ్యింటాది గదా. నగే అమ్మ ఎనకాల నిలబడుకోనుంటాది. సూసొద్దాం.”

వానలకని టెంటు ఎప్పుడో ఎత్తేశారు. ఆ మాట చెప్పలేక వెంట నడిచాను. గుంజలు పీకిన గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. తెర ఉండే వైపు తిరిగి నన్ను కూర్చోమంది. తను నా ఒళ్లో కూర్చుని, మాట్లాడవద్దని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.