డెక్క చచ్చిన చోటు

గుడివాడ బస్టాండు పక్కన టీకొట్టు పొయ్యిలోంచి సర్కారు తుమ్మ పొగ ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు సుశీల మేడం గుర్తొస్తారు. వెంటనే మా ఊరివాళ్ళ మీద కోపమూ వస్తుంది. నాగాయలంక దగ్గరి మా ఊళ్ళో ఇప్పటికీ ఒకటే కథ: బందరు కాలేజీ మేడం ఒకావిడ వచ్చి కాలువలోని గుర్రపు డెక్క కలుపును చంపొద్దని అడ్డం పడిందట, ఆవిడ నోటి వాక్కు తగిలే పొలాలు పాడయ్యాయట. శుద్ధ అబద్ధం. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మేడం మాకు బోటనీ చెప్పేవారు. మొక్కలు సేకరించడానికి ఆ వేసవిలో మమ్మల్ని మా ఊరే తీసుకొచ్చారు. మురుగు కాలువలో నీళ్ళు కనబడవు, అంతా డెక్కే. వానాకాలంలో మురుగు లాగక చేలు మునిగేవి. మావాళ్ళకు దానికో పాత ఉపాయం ఉంది. అమావాస్య పోటుకి కాలువకు సముద్రం వైపున్న లాకు తలుపులెత్తి ఉప్పునీళ్ళు వదిలితే డెక్క మాడిపోతుంది. తొలకరికి పైనుంచి సాగు కాలువ నీళ్ళొచ్చి ఆ ఉప్పును కడిగేస్తాయి. మా బాబాయి తలుపులెత్తడానికి మనుషుల్ని పోగేస్తుంటే మేడం వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు.

“ఏమండీ, కడిగే నీళ్ళు ఈసారి వేళకి రాకపోతే?”

“ఎందుకు రావమ్మా? మా తాతప్పట్నించీ వస్తానే ఉన్నాయి.”

“నిరుడు ఆలస్యమయ్యాయిగా. ఎండలెలా ముదురుతున్నాయో చూస్తున్నారుగా. డెక్క చస్తుంది, సరే. ఉప్పెక్కిన చోటికి తర్వాత వచ్చేదెవరో చూసుకోవద్దూ?”

“ఎవరొస్తారు మేడం గారూ, మీ కాలేజీ పిల్లలా?” అన్నాడు బాబాయి.

గట్టంతా నవ్వింది. మా నాన్న నవ్వలేదు. మా రెండెకరాలూ ఆ కాలువ వారనే ఉన్నాయి. అయినా తమ్ముడి మాట కాదనలేక తనూ ఒక చెయ్యి వేశాడు.

డెక్క చచ్చింది. ఊరు సంబరపడింది. ఆ ఏడు ఎగువన వానల్లేక కాలువ నీళ్ళు వేళ మించిపోయాక వచ్చాయి, అవీ నోరు తడుపుకోవడానికే. మురుగు కాలువలోంచి ఊరిన ఉప్పు చేలో తెల్లగా పేరుకుని, నారు ఎర్రబడి పోయింది. మరుసటేటికల్లా మేకల పెంటికల్లోంచి సర్కారు తుమ్మ మొలిచింది. వరిని చంపిన ఉప్పూ ఎండా దాన్నేమీ చెయ్యలేదు.

నేను చెబితే మేడం మళ్ళీ వచ్చారు. “చెప్పానుగా” అన్న మాట ఆవిడ నోట రాలేదు. నేనైతే పదిమందిలో నిలబెట్టి అనేదాన్ని. కుచ్చెళ్ళు దోపుకుని చేలోకి దిగి, నాన్నతో పాటు తుమ్మ మొక్కలు పీకారు. వేలిలో ముల్లు దిగినా ఆగలేదు.

“ఇయ్యన్నీ తీసేస్తే మళ్ళీ వరి పండుద్దాండీ?” అనడిగాడు నాన్న.

మేడం నడుం ఎత్తి సముద్రం వైపు చూశారు. “నీళ్ళొస్తే పండొచ్చండీ. వస్తాయో రావో నాకు తెలీదు.”

పాఠం చెప్పే మనిషి “తెలీదు” అనడం నేను వినడం అదే మొదలు.

నాన్న కొన్నేళ్ళు పెనుగులాడి ఆ చేను వదిలేశాడు. ఇప్పుడు ఆయనా లేడు, మేడమూ లేరు. నేను గుడివాడలో బోటనీయే చెబుతున్నాను. కలుపు చచ్చిందని ఎవరు సంబరపడినా ఆవిడ అడిగిందే అడుగుతాను. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనీ. మొన్న ఊరెళ్తే మా చేలో తుమ్మ కొమ్మలు కూడా సముద్రం వైపు ఎండి కనిపించాయి. తుమ్మ కూడా ఓర్చుకోలేని ఉప్పొస్తే, నాన్న చేలోకి తర్వాత వచ్చేదెవరు?