వడ్లు ఆరబోసిన రోడ్డు

ఎనిమిదో తరగతి తప్పినవాళ్లు, రాయచూరు జిల్లాకి వలసొచ్చిన తెలుగువాళ్లు కట్టుకున్న మా క్యాంపులో చాలామందే ఉన్నారు గానీ, ఎనిమిది అంకె కూడా తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. స్కూటరు లైసెన్సుకి వెళ్తే మైదానంలో ఎనిమిది ఆకారంలో తిప్పమన్నారు. సగం ఎనిమిదికే కాలు కింద పెట్టేశాను. ఇన్‌స్పెక్టరు ఎగాదిగా చూసి, "హోటెల్ నోడ్కో హోగప్పా" అన్నాడు. పో నాయనా, పోయి నీ హోటలు చూసుకో అని. నాకు హోటలుందని ఆయనకెలా తెలిసిందంటే, చొక్కా నిండా శనగపిండి.

అలాంటి నేను రెండేళ్లపాటు సిరవార నుంచి రాయచూరుకి బస్సు నడిపాను. నిండా జనం. ఒక్కరి మోచెయ్యి కూడా గీసుకోలేదు. ఆ బస్సు మా హోటలు వెనక గదిలో, మరమరాల బస్తాల పక్కన, ఒక పాత కంప్యూటర్లో ఉండేది.

పొద్దున ఒగ్గరణి అనే మరమరాల తాలింపు, మిరపకాయ బజ్జీల రద్దీ తగ్గగానే చేతులు కడుక్కుని బస్సెక్కేవాణ్ణి. ఆ ఆట కొన్నదే ఒక్క సుఖం కోసం: అందులో ఎవరి రోడ్డు వాళ్లు గీసుకోవచ్చు. నేను మా రోడ్డు గీశాను. కాలువ వంతెన, రైసు మిల్లు ముందు స్పీడుబ్రేకరు, మలుపులో టీ బడ్డీ. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, అదీ గీశాను. అంచున వరసగా రాళ్లు పేర్చాను. బస్సు అక్కడ నెమ్మదించి, ఎదురొచ్చేవాడికి దారిచ్చి, మిగిలిన సగంలోంచి పోవాలి. కంపెనీ నుంచి కబురొచ్చింది: మీ రోడ్డు మీద అడ్డంకి ఉంది, తొలగించండి. అడ్డంకి కాదు, అన్నం అని జవాబు రాశాను. తుర్విహాళ నుంచి ఎవరో నా రోడ్డు మీద నడిపి, అంతా బాగుంది గానీ వడ్ల దగ్గర కోళ్లేవీ అని అడిగాడు. సిగ్గేసింది. మర్నాడే కోళ్లను గీశాను.

ఆ తర్వాత మొదలైంది వాళ్ల వంట. నేను వంటవాణ్ణి, ఏ సరుకైనా వంటతోనే కొలుస్తాను. ఉడకని పప్పు వడ్డించి, మిగతా ఉడుకు వచ్చే నెల ఇస్తామంటే మా హోటల్లో చెంబు ఎగిరొస్తుంది. ఆటల వాళ్లు మాత్రం సగం ఉడికిన ఆట అమ్మేసి, నెలనెలా అప్‌డేట్ అని మంట పెడతారు. కట్టెలు మోసేది మనమే. పోనీ మంట పెడితే ఉన్నదన్నా ఉడుకుతుందా అంటే, ఉన్నది తీసేస్తారు. కొన్న కొత్తలో నా బస్సుకి హారనుండేది. ఒక అప్‌డేట్ తర్వాత నొక్కితే మోగలేదు, తాళం బొమ్మ వచ్చింది. ఇకమీదట హారను ఆశ్చర్యాల పెట్టెలో దొరుకుతుందట. పెట్టె కొనాలి. లోపల హారనుండొచ్చు, ఉండకపోవచ్చు. మూడుసార్లు కొన్నాను, మూడుసార్లూ కిటికీ పరదాలొచ్చాయి. మా జిల్లాలో హారను లేకుండా బస్సు నడపడమంటే నోటికి గుడ్డ కట్టుకుని పశువుల సంతలో బేరమాడటమే. ఇదే పని సంతలో చాప పరుచుకుని చేస్తే జూదమని పోలీసులు ఎత్తుకుపోతారు. ఏసీ గదిలో కూర్చుని చేస్తే ఉద్యోగమంటారు.

ఇంకోటి. నేను నడిపేటప్పుడు ఆ రోడ్డు మీద నేనొక్కణ్ణే. ఎవరితోనూ పోటీ లేదు. అయినా ఇంటర్నెట్ పోతే బస్సు ఆగిపోవాలి. నాలుగు చినుకులు పడితే మా ఊళ్లో సిగ్నలు గొడుగు మరిచిపోయిన ముసలమ్మలా ఏ చూరు కిందికో పోయి నిలబడుతుంది. అది తిరిగొచ్చేదాకా జనంతో సహా వంతెన మీద నేనూ నిలబడేవాణ్ణి.

ఇవన్నీ ఓర్చుకున్నాను, రోడ్డు నాదే కదా అని. ఒకరోజు బస్సెక్కితే తెర మీద ప్రకటన. రెండో భాగం వస్తోంది కాబట్టి మొదటి ఆట మూసేస్తున్నాం, మీరు గీసిన రోడ్లు అందులోకి రావు, ఇన్నాళ్ల అభిమానానికి కానుకగా కొత్త ఆటలో బంగారు రంగు స్టీరింగు తొడుగు ఇస్తాం. రోడ్డు లాక్కుని తొడుగు ఇస్తారట. నేను అడిగింది ఒకటే: నా రోడ్డు నా కంప్యూటర్లోకి దింపుకునే ఒక్క బటను. ఎన్నిసార్లు రాసినా, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబు. విలువైనది కాబట్టే కాబోలు, దాన్నీ ఏ పెట్టెలోనో పెట్టి దాచేశారు.

సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్లి. పెళ్లికొడుకు సింధనూరు వైపు క్యాంపు అబ్బాయి, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం అన్నారు. కంప్యూటర్ ఉద్యోగం అన్నాక మా ఇళ్లల్లో ఇంకేమీ అడగరు. పందిట్లో ఆయన స్నేహితుల టీషర్టుల మీద నా బస్సు బొమ్మ కనపడింది. దగ్గరికెళ్లి, మీరేం చేస్తారు బావగారూ అని అడిగాను. ఆయన సంతోషంగా చెప్పాడు, "నేను ఆటలో షాపు వైపు చూస్తానోయ్. ఏ వస్తువు ఏ పెట్టెలో ఉండాలో. బస్సు హారన్ని పెట్టెలో పెట్టించింది నేనే."

అక్షింతలు నా చేతిలోనే ఉన్నాయి. అందరికంటే కాస్త గట్టిగా వేశాను.

పదహారు రోజుల పండక్కి బావ మా ఇంటికొచ్చాడు. కొత్తల్లుణ్ని ఆటపట్టించడం బావమరిది హక్కు. కాఫీలో ఉప్పేసినా, చెప్పులు దాచినా పెద్దవాళ్లు అడ్డురారు. ఎదుటివాడు కోపం తెచ్చుకోకూడదు, అదీ మర్యాదే. అంతకంటే మంచి అవకాశం నాకు జన్మలో రాదు. వంట నేను చూసుకుంటానని అమ్మకి చెప్పేశాను.

పెద్ద అరిటాకు వేసి మధ్యలో గుప్పెడు అన్నం పెట్టాను. అంతే. బావ కాసేపు చూసి, కూరలేవీ అన్నాడు.

"వస్తాయి బావగారూ. ముందు అన్నం రిలీజ్ చేశాం. కూరలు రాబోయే అప్‌డేట్‌లో."

నవ్వాడు. నవ్వనిచ్చాను. మూతపెట్టిన గిన్నెలు మూడు ముందు పెట్టి, ఒకదాంట్లో గుత్తొంకాయ ఉంది, ఎంచుకోండన్నాను. మధ్య గిన్నె మూత తీశాడు. లోపల మడతపెట్టిన పరదా ముక్క. ఎడమది తీశాడు. పరదా. కుడివైపుది తియ్యబోతుంటే, ఇవాళ్టికి మీ అవకాశాలు అయిపోయాయని వెనక్కి లాక్కున్నాను. దాంట్లో నిజంగానే వంకాయ ఉంది. నేను వాళ్లకన్నా నిజాయితీపరుణ్ణి. నెయ్యి అడిగితే, మా హోటలు బజ్జీల గురించి ప్రకటన మొత్తం వింటే ఇస్తానన్నాను. పాపం విన్నాడు. ఒక్క చుక్క వేశాను. ఇంతలో అక్క ఫోనులో సిగ్నలు పోయింది. ఆకు ఎత్తేశాను. సిగ్నలు వచ్చాక ఉత్త అన్నంతో మళ్లీ మొదటినుంచి వేశాను. ఆ కాస్త నెయ్యీ పోయింది.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి గొంతు తగ్గించి నన్ను తిడుతూనే ఉంది. అక్క మాత్రం, "ఆయన ఆఫీసు వంట ఆయనకే పెడుతున్నాడు, తిననీ అమ్మా" అంది. బావ ఉత్త అన్నం ముద్దలు చేసుకుని మింగుతున్నాడు. ఆకలి మొహంలో తెలిసిపోతోంది. లేవలేదు.

అప్పుడు అడిగాను.

"నా రోడ్డు నాకిప్పించండి. గిన్నె మీకిస్తాను."

ఏ రోడ్డన్నాడు. చెప్పాను. చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"ఆ వడ్ల రోడ్డు నీదా? ఆఫీసులో అందరం చూశాం కదయ్యా దాన్ని."

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆయన ఆ తర్వాత చెప్పిందాంతో పోయింది. నేనడిగిన బటను వాళ్ల కుర్రాళ్లు ఎప్పుడో తయారు చేశారట. పైవాళ్లు తీయించేశారట. పాత రోడ్డు ఎవరింట్లో వాళ్లకుంటే కొత్త ఆట ఎవరు కొంటారు? అది నా చేతుల్లో లేదు బావమరిదీ అన్నాడు. హారను మాత్రం మీ చేతుల్లో ఉందా అన్నాను. ఉత్త అన్నమే ఇంకో ముద్ద చేసుకున్నాడు. వంకాయ గిన్నె లోపలికి పట్టుకుపోయాను. తర్వాత అక్క తీసుకెళ్లి పెట్టిందేమో, నేను వాకబు చెయ్యలేదు.

చెప్పిన రోజునే ఆట మూసేశారు. ఆ కంపెనీ చెప్పిన వేళకి చేసిన పని అదొక్కటే. ఆ మధ్యాహ్నం హోటలు తలుపు దగ్గరగా వేసి బస్సు తీశాను. వంతెన దాటాను. మిల్లు దగ్గర నెమ్మదించాను. వడ్ల దగ్గర పక్కకి తప్పించాను, కోళ్లు ఎగిరాయి. రాయచూరు ఇంకా కనపడకముందే తెర తెల్లబడింది. బస్సులో జనం ఏమయ్యారో వాళ్లనే అడగాలి.

అప్పణ్ణుంచి తిట్టడమే పనిగా పెట్టుకున్నాను. ఆ కంపెనీ ఎక్కడ ఏ ఆట అమ్ముతుంటే అక్కడ, దాని కింద, ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టాను. తెలుగులో తిట్టాను, కన్నడంలో తిట్టాను, బజ్జీలకొచ్చే పెద్దాయన దగ్గర నేర్చుకుని ఉర్దూలో తిట్టాను. ఉర్దూ తిట్టుకి మాత్రం ధన్యవాదాలు అని జవాబొచ్చింది. మా బజ్జీలకొచ్చే కాలేజీ పిల్లల్లో ఆ ఆట ఆడతానన్నవాడికి ఆ పూట చట్నీ లేదు.

ఆ యేడు కోతలయ్యాక రెండో భాగం వచ్చింది. అందులో పల్లె రోడ్లని విడిగా అమ్మకానికి పెట్టారు. బొమ్మ చూస్తే సగం రోడ్డు మీద వడ్లు, అంచున రాళ్లు, పక్కన కోళ్లు. అడ్డంకి అన్నారే, ఆ అడ్డంకినే మూటగట్టి అమ్ముతున్నారు.

బావకి ఫోను చేశాను. ఆయన హలో అనేలోపే మొదలుపెట్టాను. వడ్లు పసుపుకొమ్ముల్లా ఉన్నాయన్నాను. వాటి మీద బస్సెక్కిస్తే గింజ కదలడం లేదు, రైతు కర్ర పట్టుకుని రావడం లేదు, కోడి ఒక టైరులో దూరి ఇంకో టైరులోంచి వస్తోంది, మీ కంపెనీలో ఎవడన్నా జన్మలో కోడిని చూశాడా అన్నాను. అంతా విన్నాడు.

"అయితే కొన్నావన్నమాట" అన్నాడు.

తిట్టాలన్నా తెలిసి తిట్టాలి కదా అని నసిగాను.

"ఆ రోజు నువ్వు పరదాలు వడ్డించావు, ఆకు లాగేశావు, వంకాయ ఎత్తుకుపోయావు. నీకంత ధైర్యం ఎక్కణ్ణుంచొచ్చింది బావమరిదీ? ఏం చేసినా కొత్తల్లుడు ఆకు ముందు నుంచి లేచిపోడని తెలుసు కాబట్టి. ఆట ఆడే మీ గురించి మా ఆఫీసులో తెలిసింది కూడా అంతే."